ఎంకమ్మ నీళ్లు పోసిన పిల్ల

మా ఊరు యాలాలలో ఎవరింట్లో పురుడు వచ్చినా కాన్పుకు ఆసుపత్రిని, ఆ తర్వాత మా అమ్మమ్మ ఎంకమ్మను తలుచుకుంటారు. బాలింతకూ పసిబిడ్డకూ నీళ్లు పోయడం ఆమె పని. పీట మీద కూర్చుని, కాళ్లు బారచాపి, పసిగుడ్డును ఆ కాళ్ల మీద బోర్లా వేసుకుని నూనె మర్దించి, శనగపిండి రుద్ది, చెంబుతో వేడినీళ్లు ధారగా పోస్తుంటే చూసేవాళ్లకు గుండెలు జారతాయి. పిల్లలు మాత్రం ఆ చేతికి లొంగిపోతారు. ఎంకమ్మ నీళ్లు పోసిన పిల్ల పూటంతా నిద్రపోతుందని ఊళ్లో పేరు. ఆ పేరంటే మా అమ్మమ్మకు ప్రాణం. ఆ మాట రోజుకొకసారి ఎవరి నోటనైనా వినకపోతే ఆమెకు అన్నం సయించదు.

అలాంటి మనిషి చేతికి సొంత మనవరాలి కూతురే వచ్చింది. మా అక్క బిందు కాన్పు కోసం వికారాబాదులోని అత్తగారింటి నుంచి మా ఇంటికి వచ్చి, నల్లటి జుట్టున్న ఆడపిల్లను కని ఇంటికి తెచ్చింది. అప్పటి నుంచి మా ఇంట్లో మిగతా మనుషులకు విలువ లేకుండా పోయింది. అమ్మమ్మ నన్ను పేరుతో పిలవడం మానేసి, నీళ్లు తెచ్చేదానా, గుడ్డలు ఆరేసేదానా అని పనిని బట్టి పిలవసాగింది. నా పేరు నిరోష. తాండూరులో నాపరాళ్ల పాలిషింగు యూనిట్ ఆఫీసులో పనిచేస్తాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, నా నోటితో ఊరి సంగతి అటుంచి ఇల్లు నెట్టుకురావడమే కష్టమని మా అమ్మ అభిప్రాయం.

పుష్యమాసం చలి. కట్టెల పొయ్యి మీద కాగుల కొద్దీ నీళ్లు కాచలేక అమ్మ అలిసిపోతోందని నాయిన గ్యాస్ గీజరు కొనుక్కొచ్చాడు. మా నాయిన బాలస్వామి కరణ్‌కోటలో సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆయనకు తెలియని మిషను ఈ భూమ్మీద లేదని ఆయన నమ్మకం. బిగించడానికి కంపెనీ మనిషి వస్తాడని దుకాణంవాడు చెప్పినా ఆగకుండా, స్నానాల గది లోపలే గోడకు తనే బిగించేశాడు. సిలిండరు బయట నడవలో పెట్టాడు. నల్లా తిప్పగానే పొగలు కక్కే నీళ్లు వచ్చేసరికి, మొదట దాన్ని దయ్యంలా చూసిన అమ్మమ్మ రెండో రోజుకే దానికి పసుపు బొట్టు పెట్టింది.

అయితే ఆ గీజరుకు ఒక జబ్బు పట్టుకుంది. నీళ్లు పోస్తుండగా సగంలో కీచుమని అరిచి ఆరిపోయేది. చిన్న అద్దంలో ఎర్రగా ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం, పక్కన ఆరు అంకె వెలిగేవి. కాసేపు ఆగి మీట నొక్కితే మళ్లీ వెలిగేది. మళ్లీ అరిచేది. శనగపిండి ఒంటినిండా పూసుకున్న పసిపిల్లను కాళ్ల మీద పెట్టుకుని అమ్మమ్మ ఆ మిషన్‌ను తిట్టిన తిట్లు నడవలో ఉన్న సిలిండరు కూడా విని ఉంటుంది. దిష్టి తగిలిందని దానికి నిమ్మకాయ కట్టింది. లోపలి బ్యాటరీ సెల్లు బలహీనమని నాయిన కొత్త సెల్లు వేశాడు. నిమ్మకాయకూ లొంగలేదు, సెల్లుకూ లొంగలేదు.

కంపెనీకి ఫోన్ చేద్దామని నేనన్నాను. వాళ్లకేం తెలుసని నాయిన నవ్వాడు. ఆదివారం పూట స్క్రూడ్రైవరు పట్టుకుని డబ్బా మూత విప్పి, గంటసేపు లోపల వెతికి, ఒక సన్నని జత వైర్లను పీకి రెండూ కలిపి టేపు చుట్టేశాడు. అది సెన్సరంట. మస్తు నాజూకుదంట. ఊరికే భయపడి మిషన్‌ను ఆపేస్తోందంట. ఆ తర్వాత గీజరు కిక్కురుమనలేదు. ఎంతసేపు నల్లా తిప్పినా నీళ్లు వస్తూనే ఉన్నాయి. అమ్మమ్మ తన జీవితంలో మొట్టమొదటిసారి అల్లుణ్ణి మెచ్చుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. అరిచే కుక్క మూతి కట్టేసి దొంగలు లేరని నిద్రపోయినట్టుందని అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోకపోతే ఊరుకునే రకం కాను కాబట్టి, పెట్టె మీదున్న నంబరుకు ఫిర్యాదు రాయించి పెట్టాను.

ఆ వారమంతా పిల్ల బ్రహ్మాండంగా నిద్రపోయింది. పొద్దున నీళ్లు పోస్తే పొద్దుగుంకేదాకా లేవదు. పాలకు లేపినా సగం కన్ను తెరిచి మళ్లీ వాలిపోయేది. అమ్మమ్మ వీధి అరుగు మీద కూర్చుని ఈ సంగతి వచ్చేపోయేవాళ్లకు చెప్పుకునేది. మధ్యమధ్యలో కణతలు నొక్కుకునేది. తలనొప్పి వయసుకు వచ్చింది అనేది. అక్కకు స్నానం తర్వాత కళ్లు తిరిగేవి. బాలింత నీరసమని అమ్మ మెంతుల లడ్డూలు చేసి పెట్టింది. ప్రతి జబ్బుకూ మా ఇంట్లో ఒక కారణం తయారుగా ఉంటుంది.

ఆ శుక్రవారం నేను ఆఫీసులో ఉండగా కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. అవతల ఒక ఆడమనిషి, నెమ్మదిగా మాట్లాడుతోంది. ఈ సిక్స్ వస్తోందన్నారు, ఇంకా వస్తోందా అని అడిగింది. రావడం లేదు, మా నాయిన ఏవో రెండు వైర్లు కలిపేశాడని చెప్పాను. గీజరు గది లోపల ఉందా, బయట ఉందా అని ఆమె వెంటనే అడిగింది. లోపల. గదికి కిటికీ ఉందా? చిన్న వెంటిలేటరు ఉంది అన్నాను. అనగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఎందుకంటే ఆ వెంటిలేటరు నిండా మా అమ్మమ్మ పాత చీర కుక్కి ఉంది. తలుపు కింద సందులో గోనెసంచి ఉంది. బాలింతకు గాలి సోకకూడదు. అది మా అమ్మమ్మకు ఉత్త ఆచారం కాదు. ఆమె చెల్లెలు తొలికాన్పు తర్వాత జ్వరం తగిలి, పదహారేళ్ల వయసులో పోయింది. గాలి సోకి పోయిందని ఊరంతా అన్నది. అప్పటి నుంచి బాలింత ఉన్న గదిలోకి చీమంత గాలిని కూడా అమ్మమ్మ రానివ్వదు. ఇన్నాళ్లూ పెరట్లో తడకల చాటున నీళ్లు పోసేటప్పుడు కూడా దుప్పట్లు అడ్డం కట్టించేది. ఇప్పుడు సిమెంటు గది దొరికింది, గట్టిగా మూసుకుంది.

ఆ ఫోనులో మనిషి చెప్పింది ఇదే. మా మిషన్లో ఈ సిక్స్ అంటే మిషను చెడిపోయిందని కాదు, కాలిన గాలి బయటికి పోవడం లేదని. ఆ గాలికి వాసన ఉండదు, పొగ కనిపించదు, మత్తుగా నిద్ర వస్తుంది. ఇప్పుడు లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగింది. గోడ గడియారం చూశాను. సరిగ్గా నీళ్లు పోసే వేళ. ముందు గ్యాసు కట్టించండి, తలుపు తీయించి అందరినీ ఆరుబయటికి పంపించండి, మీట ఎవరూ ముట్టుకోవద్దు, ఆ తర్వాత నాకు ఫోన్ చేయండి అంది.

అమ్మ కందిచేను కోతకు పోయింది. నాయిన డ్యూటీలో ఉన్నాడు. అక్క ఫోను ముందుగదిలో మోగి మోగి ఆగిపోయింది. పక్కింటి రాహేలమ్మకు చేశాను. ఆమె పెళ్లయి వచ్చినప్పటి నుంచి మా గోడకు ఆనుకునే ఉంటోంది, మా ఇంటి గడియలన్నీ ఆమెకు తెలుసు. ఎందుకు, ఏమిటి అని అడగకుండా పరుగెత్తింది. సిలిండరు మీది రెగ్యులేటరు గుండీ తిప్పెయ్యమన్నాను. తిప్పేసింది. లోపల అక్క కూడా ఉందా అంటే, ముగ్గురూ ఉన్నారు, గడియ పెట్టుకున్నారు అంది. తలుపు బాదమన్నాను. ఫోను స్పీకరులో పెట్టింది.

లోపలి నుంచి అమ్మమ్మ గొంతు వినిపించింది. నీళ్లు చల్లబడ్డాయి, గ్యాసు ఎవరు కట్టేశారని తిడుతోంది. తలుపు తీయమని రాహేలమ్మ అంటే, తడి ఒంటి మీద గాలి తగిలితే ఎవరు దిక్కు, పిల్ల నీళ్లు అయ్యేదాకా తలుపు తీయనని కచ్చితంగా చెప్పేసింది. నేను ఆఫీసు బయట ఎండలో నిలబడి అరిచాను. గ్యాసన్నాను, విషమన్నాను, నీకు బుద్ధి లేదన్నాను. అరిచిన కొద్దీ ఆమె మొండికేసింది. ఊరంతటికీ నీళ్లు పోసిన మనిషికి నిన్నగాక మొన్న పుట్టిన మనవరాలు బుద్ధి చెప్పడమేమిటని ఆమె ఉక్రోషం. అక్క మాట మాత్రం ఒక్కటీ వినిపించడం లేదు. అది నన్ను భయపెట్టింది. నా అరుపుతో ఆ గడియ ఊడదని అర్థమైంది. గొంతు తగ్గించాను.

"అమ్మమ్మా, తలుపు తియ్యకు. నేనొక్కటి అడుగుత, జెప్పు. పిల్ల ఏడుస్తున్నదా?"

"ఎందుకేడుస్తది? నా చేతులల్ల సల్లగ నిద్రవోతున్నది."

"నీళ్లు సల్లవడ్డయన్నవు గద. సల్లనీళ్లు తగిలినా ఏడుస్తలేదా?"

చెంబు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"అరికాలు మీద ఒక్కటి గిల్లు అమ్మమ్మా. జర గట్టిగ గిల్లు. ఏడిస్తే, నువ్వు నోరు ముయ్యి అంటే నేనిగ మూస్త."

నేను ఫోను చెవికి అదుముకున్నాను. రోడ్డు మీద నాపరాళ్ల లారీలు పోతున్నాయి. అవతల నీళ్లు కారుతున్న చప్పుడు వినిపించింది. పిల్ల ఏడుపు వినిపించలేదు. మళ్లీ గిల్లినట్టుంది, అమ్మమ్మ నోట్లోంచి పిల్లను పిలుస్తున్న చిన్న చప్పుడు వచ్చింది. అప్పటికీ ఏడుపు లేదు. తర్వాత గడియ తీసిన చప్పుడైంది.

మిగతాది రాహేలమ్మ చెప్పగా విన్నాను. అమ్మమ్మ కూర్చున్న చోటి నుంచే చెయ్యి చాచి గడియ లాగిందట గానీ లేవలేకపోయిందట. పిల్లను ఎదురుగా చాపి, ఇగో పట్టుకో అన్నదట. రాహేలమ్మ పిల్లను కొంగులో చుట్టి వాకిట్లో ఎండలో పడుకోబెట్టి, మళ్లీ లోపలికి పోయి అక్కను ఈడ్చుకొచ్చి తులసికోట పక్కన కూలేసింది. అమ్మమ్మ మోకాళ్ల మీద పాకుతూ తనే వచ్చింది. నేను స్కూటీ మీద తాండూరు దాటుతుండగా ఫోను మళ్లీ మోగింది. ఎత్తితే మాటల్లేవు, పిల్ల ఏడుపు. గుక్కపట్టి, ఊరు లేచిపోయేలా ఏడుపు. నేను బండి రోడ్డు పక్కన ఆపేసి, కందిచేల ముందర నిలబడి నేనూ ఏడ్చాను. సిగ్గేమీ పడలేదు.

తాండూరు ఆసుపత్రిలో ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి అక్క మామూలుగా మాట్లాడింది. పిల్ల ఆబగా పాలు తాగింది. ఆ రాత్రికి ఉంచుకుని, రక్తపరీక్షలు చూసి మర్నాడు పంపించారు. వేళకు బయటికి తెచ్చారు, పిల్లకు భయం లేదు అని డాక్టరు చెప్పాడు. వారం రోజులుగా ఆ మత్తు నిద్ర, ఆ తలనొప్పులు కూడా ఈ గాలివే అయి ఉంటాయని ఆయన చెబుతున్నప్పుడు అమ్మమ్మ పక్కనే ఉంది. ఇంటికి వచ్చాక చాప చివర కూర్చుని నన్ను పిలిచింది. చాలా రోజుల తర్వాత పేరు పెట్టి పిలిచింది.

"నిరోషా, గా నిద్ర నా చేతిది గాదా బిడ్డా?"

నేను వెళ్లి ఆమె పక్కన చాప మీద కూర్చున్నాను.

తిలాపాపం తలా పిడికెడు. చీర కుక్కినది ఆమె, వైరు కలిపింది నాయిన. కానీ ఇద్దరిలో బరువంతా ఆమే ఎత్తుకుంది. కంపెనీ నుంచి నవీన్‌కుమార్ అనే మెకానిక్ వచ్చాడు. వచ్చిన వెంటనే మిషన్‌ను ముట్టుకోలేదు. గ్యాసు కట్టేసి ఉందో లేదో చూసి, చీర పీకించి, తలుపులు బార్లా తీయించి, అప్పుడు మూత విప్పాడు. టేపు చుట్టిన వైర్లు చూసి, ఇది ఎవరు చేశారని అడిగాడు. ఫ్యాక్టరీలో నలుగురికి పని చెప్పే మా నాయిన బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు. ఆ టేపు నేనే విప్పుతానని అడిగి మరీ తన చేత్తోనే విప్పాడు. ఫ్యాక్టరీలో ఇట్లా సెన్సరు కట్టేసినవాణ్ణి గేటు బయటికి పంపుతాం, ఇంట్లో మాత్రం నాకు తోచలేదు అని తలొంచుకుని చెప్పాడు. నేను వందసార్లు అనాలనుకున్న మాట ఆయనే అనేశాడు.

గీజరును పెరటి గోడకు బయటివైపు మార్చారు. పైన రేకు చూరు వేశారు, గోడలోంచి వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికి వచ్చింది. కొత్త సెన్సరు పెట్టి, చాలాసేపు వెలిగించి చూశాడు. మళ్లీ ఎప్పుడైనా ఈ సిక్స్ కనబడితే గ్యాసు కట్టేసి బయటికి రండి, నాకు చెప్పండి, నేను వచ్చేదాకా మీట నొక్కొద్దు అన్నాడు. అప్పటిదాకా మూల నిలబడ్డ అమ్మమ్మ ముందుకు వచ్చి, తనకు చదువు రాదు, ఆ గుర్తు ఎట్లా ఉంటుందో రాసి చూపించమంది. అతను నేల మీద బొగ్గుతో రాశాడు. ఆమె పక్కనే కూర్చుని తన వేలితో దిద్దింది. అరవై దాటాక నేర్చుకున్న మొదటి అక్షరం అది.

అయినా పిల్లను ముట్టుకోలేదు. నీళ్లు పోసే వేళ కాగానే కొట్టం వైపు వెళ్లి కూర్చునేది. ఆమె పేరు విని పిలవడానికి పక్క వీధి నుంచి వచ్చిన వాళ్లను కూడా చేతులు వణుకుతున్నాయని పంపేసింది. ఇంత పెద్ద ఊళ్లో ఆమెకు ఉన్న గౌరవమంతా ఆ రెండు చేతుల్లోనే ఉంది. అది పోతే ముసలిది ఎండిపోతుందని మాకు తెలుసు. ఎవరెంత బతిమాలినా నా చేతుల్లోనే పిల్ల పోయేది అని ఒక్కటే మాట. గాలి కోసం పొయ్యికి నోరు వదులుతావు కదా, ఇదీ పొయ్యే, దాని ముక్కు మూశాం, అంతే, ఎవరికి తెలుసు అని నేను చెప్పి చూశాను. పొయ్యి సంగతి నాకు తెలవకపోవుడే తప్పు అని ఇంకా కుంగిపోయింది. ఓదార్చబోయి పొడిచాను, నా నోటి సంగతి అంతే.

మరుసటి వారం ఆదివారం మధ్యాహ్నం అక్క ఎవరినీ అడగకుండా పిల్లను తీసుకుని స్నానాల గదిలోకి వెళ్లింది. వెంటిలేటరులోంచి ఎండ లోపలి నాపరాళ్ల మీద పడుతోంది. తలుపు ఓరగా తీసే ఉంది. పీట మీద కూర్చుని కాళ్లు చాపింది గానీ మోకాళ్లు పైకి లేచాయి. నూనె ఎక్కువైంది. పిల్ల కిందికి జారింది. మెడ పట్టుకుంటే నడుము జారింది, నడుము పట్టుకుంటే తల వాలింది. పిల్ల ఏడుపుకు కొట్టంలో గొడ్లు బెదిరాయి. నేను సాయం వెళ్లబోతే అక్క కళ్లతోనే ఆపేసింది. అప్పుడు అర్థమైంది, అది చేతకాక కాదు, అమ్మమ్మ కోసమని.

అమ్మమ్మ కొట్టం గుమ్మం దాకా వచ్చింది. బావి గట్టు దాకా వచ్చింది. మెడ కింద చెయ్యి పెట్టాలని అక్కడి నుంచే చెప్పింది. అక్క వినిపించుకోలేదు. అట్లా కాదని ఇంకో నాలుగు అడుగులు వేసింది. చివరికి చీర మోకాళ్ల పైకి దోపుకుని, లే అవతలికి అని అక్కను పక్కకు నెట్టి పీట మీద కూర్చుంది. ఆ కాళ్ల మీద పడగానే పిల్ల ఏడుపు తగ్గింది. ముందు వెంటిలేటరు వైపు చూసింది, తలుపు వైపు చూసింది, అప్పుడు చెంబు అందుకుంది. మొదటి చెంబు సగమే పోసి ఆగి, పిల్ల ముఖం చూసింది. రెండో చెంబు ధారగా పోసింది.

నీళ్లయ్యాక పొడిగుడ్డలో చుట్టి, వాకిట్లో ఎండపొడలో ఒళ్లో వేసుకుంది. పిల్ల ఆవులించింది, కళ్లు మూసింది. అమ్మమ్మ వెంటనే అరికాలు గిల్లింది. పిల్ల కెవ్వుమంది. అమ్మమ్మ ముఖం వెలిగింది. కాసేపటికి పిల్ల మళ్లీ కళ్లు మూసింది. మళ్లీ గిల్లింది. మళ్లీ ఏడుపు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, ఛాతీ మీద చెవి పెట్టింది, ఇంకోసారి గిల్లబోయింది. ఇక ఈ ఇంట్లో పిల్లకు నిద్ర లేనట్టేనని నేను విసుక్కోబోతుంటే, అక్క వచ్చి ఆమె పక్కన కూర్చుంది. తడిజుట్టు ఆరబెట్టుకుంటూ, నిమ్మళంగా అంది.

"అమ్మమ్మా, నేను పుట్టినప్పుడు నాకు గూడ నువ్వే నీళ్లు వోసినవు గద. కట్టెలపొయ్యి మీద కాగిన నీళ్లు, గీ పెరట్లనే. పూటంత పండుకునేదాన్నంట, అమ్మ జెప్తది."

"పండుకుంటుంటివి."

"మరి నేను లేచిన గద. పండుకోనియ్ దాన్ని. గిది నీ చేతి నిద్రనే."

గిల్లబోయిన చెయ్యి అరికాలి దగ్గరే ఆగింది. అమ్మమ్మ ఆ చేతిని వెనక్కి తీసుకుని, కొంగుతో ముఖం తుడుచుకుని, పిల్ల మీదికి నీడ వచ్చేలా కాస్త పక్కకు జరిగి కూర్చుంది. పిల్ల సాయంత్రం దాకా నిద్రపోయింది. అమ్మమ్మ కాళ్లు తిమ్మిరెక్కినా కదలకుండా సాయంత్రం దాకా చూస్తూనే ఉంది.